పల్లె పెంపకం మనిషిలో ఏం మిగులుస్తుంది?

"పల్లెలో పెరిగిన పిల్లలు ఎక్కడ పడేసినా బతికేస్తారు" అనే మాట అందరం వినే ఉంటాం. దానికి ఎదురుమాట కూడా ఉంది: పల్లెలో పెరిగితే లోకం ఆలస్యంగా తెలుస్తుంది, తెలిసేసరికి అవకాశాలు చేజారిపోతాయి. రెండూ అనుభవంలోంచి వచ్చిన మాటలే. రెండింటికీ కావలసినన్ని ఉదాహరణలు దొరుకుతాయి కాబట్టి ఈ వాదన ఎప్పటికీ తెగదు.

చిక్కు ఎక్కడుందంటే, పల్లె జీవితం పిల్లలకు ఒకేసారి నాలుగైదు రకాల అనుభవాలు ఇస్తుంది, మనం వాటన్నిటినీ ఒకే ఖాతాలో వేసేస్తాం. మట్టి, పశువులు, వాటితో వచ్చే సూక్ష్మజీవులు ఒక రకం. ఆరుబయటి వెలుగు, తిరగడానికి చోటు ఇంకో రకం. చిన్న వయసులోనే చేతికొచ్చే నిజమైన పని మరో రకం. అందరికీ అందరూ తెలిసిన చోట బతకడం వేరే సంగతి. వీటిలో ఒక్కోటి ఒక్కో వయసులో పనిచేస్తుంది. ఒకటి రోగనిరోధక శక్తిని మారిస్తే, ఒకటి కంటిచూపును, ఇంకొకటి స్వభావాన్ని మారుస్తుంది. కొన్నిటికి పల్లెతో సంబంధమే లేదు, అవి పల్లెలో ఎక్కువగా జరుగుతాయంతే. వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తేనే ఆ రెండు మాటల్లో ఏది ఎంతవరకు నిజమో తేలుతుంది.

ఒంటికి అంటేవి

అన్నిటికంటే గట్టి రుజువులు ఒంటి విషయంలోనే ఉన్నాయి. 1989లో బ్రిటన్‌లో డేవిడ్ స్ట్రాకన్ అనే పరిశోధకుడు 1958లో పుట్టిన 17 వేల మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించాడు. అన్నలు, అక్కలు ఎక్కువగా ఉన్న పిల్లలకు పుప్పొడి వల్ల వచ్చే తుమ్ములు, జలుబు లాంటి అలర్జీ తక్కువగా కనిపించింది. చిన్నప్పుడు సూక్ష్మజీవులతో పరిచయం తగ్గిపోతే ఒళ్లు అనవసరమైన వాటిమీద తిరగబడుతుందేమో అన్న ఊహ అలా మొదలైంది. ఆ తర్వాత ఆల్ప్స్ పర్వత ప్రాంతాల్లో ఎరికా ఫాన్ మ్యూటియస్ వంటి వైద్యుల బృందాలు మరో అడుగు ముందుకేశాయి. వాళ్లు పల్లెను పట్నంతో పోల్చలేదు. ఒకే పల్లెలో పశువులున్న ఇళ్ల పిల్లలను, లేని ఇళ్ల పిల్లలను పోల్చారు. గాలి అదే, నీరు అదే. అయినా కొట్టంలో పశువుల మధ్య తిరిగిన పిల్లలకే అలర్జీలు, ఆస్తమా తక్కువ. బిడ్డకు ఏడాది నిండేలోపే ఆ పరిచయం మొదలైతే రక్షణ ఇంకా బలంగా కనిపించింది.

2016లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. ఆమిష్, హటరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలున్నాయి. ఇద్దరి పూర్వీకులూ యూరప్‌లోని ఆల్ప్స్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లే. జన్యుపరంగా దగ్గరివాళ్లు. తిండి, కుటుంబాల పరిమాణం కూడా ఇంచుమించు ఒకటే. తేడా వ్యవసాయంలో ఉంది. ఆమిష్ కుటుంబాలు ఇంటి పక్కనే పశువులను పెట్టుకుని, గుర్రాలతో పాత పద్ధతిలో సేద్యం చేస్తాయి. హటరైట్లవి యంత్రాలతో నడిచే పెద్ద ఉమ్మడి క్షేత్రాలు. ఆమిష్ బడి పిల్లల్లో ఆస్తమా 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఇళ్లలోని దుమ్ము తీసి చూస్తే, బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ ఆమిష్ ఇళ్లలో దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఆ దుమ్ము సారాన్ని ఎలుకల ముక్కులో వేస్తే వాటికి ఆస్తమా లాంటి లక్షణాల నుంచి రక్షణ దొరికింది. రెండూ పల్లెలే, ఇద్దరూ రైతులే. ఇంత తేడా తెచ్చింది పశువుల కొట్టం ఇంటికి ఎంత దగ్గరగా ఉందన్నదేనని పరిశోధకులు భావించారు.

కంటిచూపు దగ్గరికొచ్చేసరికి పల్లెకున్న గొప్ప కొంత తగ్గుతుంది. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ పెరుగుతున్న చైనా సంతతి పిల్లలను, 6-7 ఏళ్ల వాళ్లను, కాథరిన్ రోజ్ బృందం పోల్చింది. దూరపు వస్తువులు సరిగ్గా కనిపించని హ్రస్వదృష్టి సింగపూర్ పిల్లల్లో 29 శాతం మందికి ఉంటే, సిడ్నీ పిల్లల్లో 3.3 శాతం మందికే ఉంది. సిడ్నీ పిల్లలు వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట గడిపితే, సింగపూర్ పిల్లలు 3 గంటలు గడిపారు. రెండూ మహానగరాలే. కంటిని కాపాడింది పగటి వెలుగు. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో రోజుకు అదనంగా 40 నిమిషాలు పిల్లలను బయటికి తీసుకెళ్తే, మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు 30.4 శాతం. అలా చేయని బడుల్లో 39.5 శాతం. ఇంట్లోంచి బయటికి రాని పల్లె పిల్లకు పల్లె ఏ సాయమూ చేయలేదు.

ఎముకల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒంటిని వాడుతూ పెరిగిన వయసులో ఎముకకు వచ్చిన మందం తర్వాత పూర్తిగా పోదు. బేస్‌బాల్ ఆటగాళ్ల చేతులను, బంతి విసిరే చెయ్యి, విసరని చెయ్యి విడివిడిగా కొలిచి 2014లో ప్రచురించిన పరిశోధనలో, యవ్వనంలో పెరిగిన ఎముక పరిమాణంలో సగం, బలంలో మూడోవంతు జీవితాంతం నిలిచాయని తేలింది. బరువులెత్తుతూ, చెట్లెక్కుతూ పెరిగిన ఒంటికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుందనుకోవచ్చు. పాదాల విషయంలో 1992లో మన దేశంలోనే 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూశారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో చదునుపాదం 8.6 శాతం, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం. అలాగని పిల్లలను వట్టి కాళ్లతో వదిలేయమని కాదు. ముళ్లు, పురుగులు, కొంకిపురుగు జబ్బు కూడా ఆ నేలలోనే ఉంటాయి.

దారి పట్టుకునే నేర్పు మాత్రం నాకు వీటన్నిటికంటే ఆసక్తికరంగా అనిపిస్తుంది. మతిమరుపు జబ్బుల మీద పరిశోధన కోసం తయారుచేసిన ఒక మొబైల్ గేమ్‌లో ఆటగాడు పడవ నడుపుతూ దారి గుర్తుపెట్టుకోవాలి. 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది ఆడిన తీరును విశ్లేషించి 2022లో ఫలితాలు ప్రకటించారు. నగరాల బయట పెరిగినవాళ్లు సగటున దారి బాగా కనుక్కున్నారు. ఇప్పుడు ఎక్కడుంటున్నారన్నది లెక్కలోకి రాలేదు, ఎక్కడ పెరిగారన్నదే తేడా తెచ్చింది. ఇంకో మెలిక కూడా ఉంది. చికాగోలా వీధులన్నీ గళ్లు గీసినట్టు తిన్నగా ఉండే నగరాలున్న దేశాల్లో ఈ తేడా ఎక్కువ. ప్రాగ్ లాంటి వంకర వీధుల పాత నగరాలున్న చోట తక్కువ. అంటే చిన్నప్పుడు మెదడుకు ఎంత చిక్కుదారి దొరికితే అంత పదునెక్కుతుంది. పొలాల గట్ల వెంట, డొంకల్లో, గుర్తులు చూసుకుంటూ తిరిగిన పిల్లలకు ఆ శిక్షణ ఎవరూ ఇవ్వకుండానే అందుతుంది.

చేతికి అబ్బేవి

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ పిల్లల ప్రమేయం లేకుండా జరిగేవి. పని అలా కాదు. దాన్ని దగ్గర్నుంచి చూడాలి.

పాలు పితకడం నేర్చుకుంటున్న పదేళ్ల పిల్లను ఊహించుకోండి. బొటనవేలు, చూపుడువేలితో చన్ను మొదలు బిగించి, మిగతా వేళ్లను పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటిగా ముడవాలి. మొదలు సరిగ్గా బిగించకపోతే పాలు కిందికి రావు, తిరిగి పొదుగులోకే పోతాయి. అంతకుముందు ఇంకో పని ఉంది. పొదుగు కడిగి, నిమిరి, ఆవు చేపేదాకా ఆగాలి. ఆ స్పర్శకు ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై, నిమిషం, నిమిషంన్నరలో పాలు దిగుతాయి. ఆవు బెదిరితే ఎడ్రినలిన్ అనే మరో హార్మోన్ విడుదలై ఆ పని ఆగిపోతుంది. పిల్ల టెన్షన్ పడి చెయ్యి దురుసుగా పెట్టినా, విసుక్కుని అరిచినా, ఆవు ఎగచేపుతుంది, అంటే పాలు దిగనివ్వదు. బతిమాలినా, కోప్పడినా, ఏడ్చినా తపేలా నిండదు. తన చేతిని, ఊపిరిని కాస్త నెమ్మదింపజేసుకుంటేనే పాలధార మొదలవుతుంది.

ఇక్కడ జరిగిన చదువు ఎలాంటిదో చూడండి. తప్పు జరిగినట్టు చెప్పింది పెద్దవాళ్లు కాదు, పనే చెప్పింది. అదీ వెంటనే చెప్పింది. సరిదిద్దుకున్న సంగతి కూడా వెంటనే తెలిసింది. బడిలో చేసిన తప్పు వారం తర్వాత ఎర్ర సిరాతో తిరిగొస్తుంది. అప్పటికి ఆ లెక్క చేసేటప్పుడు ఏమనుకున్నామో గుర్తుండదు. పైగా ఆ తప్పును పట్టుకున్నది ఒక మనిషి కాబట్టి, తప్పుతో పాటు ఆ మనిషి మీద భయమో కోపమో కూడా మనసులో ఉండిపోతుంది. పశువుతో, కట్టెతో, నీటితో పనిచేసే పిల్లకు తప్పంటే అవమానం అనే ముడి అంత తొందరగా పడదు. పెద్దయ్యాక యంత్రం పాడైనా, లెక్క తేలకపోయినా ముందు "ఎక్కడ ఆగింది?" అని చూసే అలవాటు చాలామందిలో ఇక్కడే మొదలవుతుందని నేను నమ్ముతాను.

చూసి నేర్చుకోవడం మీద మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా రోగాఫ్ గ్వాటెమాలాలోని మాయా అనే ఆదివాసీ సమాజాల్లో దశాబ్దాల తరబడి పరిశోధన చేశారు. అక్కడ పిల్లలను పెద్దల పనుల నుంచి దూరంగా ఉంచరు. వాళ్లు చుట్టుపక్కలే ఉంటారు, చూస్తారు, చేతనైనప్పుడు చెయ్యి కలుపుతారు. 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తోబుట్టువులిద్దరిని కూర్చోబెట్టి ఒకరికి మాత్రమే బొమ్మ తయారీ నేర్పారు. రెండోవారికి వేరే ఆటవస్తువు ఇచ్చి తమ వంతు వచ్చేదాకా పక్కన ఆగమన్నారు. వారం తర్వాత ఆ రెండోవారికి అదే బొమ్మ ఇచ్చి చేయమన్నారు. తల్లులు బడి చదువు తక్కువ చదివిన మాయా కుటుంబాల పిల్లలు, తమకు నేర్పకపోయినా పక్కన జరుగుతున్నది శ్రద్ధగా చూసి, తక్కువ సాయంతో చేసేశారు. అమెరికా పిల్లలూ, తల్లులు ఎక్కువ చదివిన మాయా పిల్లలూ అంత శ్రద్ధగా చూడలేదు. మనకు చెప్తేనే మన పాఠం, లేకపోతే మనకు సంబంధం లేదు అనే అలవాటు బడి పద్ధతితో పాటు ఇంట్లోకి వస్తుందన్నమాట.

దీనికి తోడు ఇంకో సంగతి. ఏడాదిన్నర పిల్లలు కూడా, ఎదుటి మనిషి చేతిలోంచి వస్తువు జారిపడితే ఎవరూ అడగకుండానే తీసి ఇస్తారని వార్నెకెన్, టొమాసెల్లో 2006లో చూపించారు. రెండేళ్ల తర్వాత అదే ఇద్దరు, అలా సాయం చేసినందుకు బహుమతి ఇస్తే ఏమవుతుందో చూశారు. బహుమతి అందుకున్న పిల్లలు తర్వాత సాయం చేయడం తగ్గించారు. రెండేళ్ల పిల్లకు చీపురు పట్టుకోవాలని ఉంటుంది. అప్పుడు పని చెడుతుందని పక్కకు తోసి, పన్నెండేళ్లప్పుడు డబ్బు ఆశ చూపి పని చెప్పే ఇళ్లు ఎన్నో. పొలం పని చేసుకునే కుటుంబాలు చిన్నపిల్లల చేతిని తోసేయలేదు. తోసేసే తీరిక వాళ్లకు లేదు, రేపు ఆ చేతి అవసరం కూడా వాళ్లకుంది.

పని వల్ల గుణం వస్తుందా?

పని చేస్తూ పెరిగిన పిల్లలు పెద్దయ్యాక బాగుంటారా అనే ప్రశ్నకు అందరూ చెప్పుకునే పరిశోధన ఒకటుంది. తమాషా ఏమిటంటే అది పల్లెలో జరగలేదు. బోస్టన్ నగరం నడిబొడ్డున, పేద పేటల్లో పెరిగిన 456 మంది అబ్బాయిలను 1940ల నుంచి దశాబ్దాల పాటు గమనించారు. జార్జ్ వైలెంట్ 1981లో ఆ ఫలితాలు ప్రచురించాడు. పిల్లప్పుడు ఇంటి పనులు, చిన్న ఉద్యోగాలు, బడిలో కష్టపడే తీరు కలిపి వేసిన మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లు, 47 ఏళ్లు వచ్చేసరికి మానసికంగా ఆరోగ్యంగా, మనుషులతో దగ్గరితనంతో ఉండే అవకాశం బాగా ఎక్కువగా కనిపించింది. తెలివితేటల పరీక్షలు గానీ, ఇంటి ఆర్థిక స్థాయి గానీ ఆ సంగతిని అంత బాగా ముందే సూచించలేకపోయాయి. అయితే పని వల్ల గుణం వచ్చిందా, నెమ్మదైన గుణం ఉన్న పిల్లలే పని చేయగలిగారా అన్నది ఇలాంటి పరిశోధన పూర్తిగా తేల్చలేదు. రెండూ ఉండవచ్చు. ఒకటి మాత్రం తెలుస్తోంది: ఆ మేలు కలగడానికి పొలం ఉండాల్సిన అవసరం లేదు.

ఏ పని అన్నది కూడా ముఖ్యమే. కెన్యాలోని లువో సమాజంలో పిల్లలను ఎత్తుకోవడం, వంట, నీళ్లు తేవడం ఆడపిల్లల పనులు. కొన్ని ఇళ్లలో తగిన వయసు ఆడపిల్ల లేక ఆ పనులు మగపిల్లలకు పడ్డాయి. కెరొల్ ఎంబర్ 1973లో చెప్పినదాని ప్రకారం, అలా ఇంటి పనులు చేసిన అబ్బాయిల్లో దురుసుతనం తక్కువగా కనిపించింది. పసిబిడ్డ ఏడుపు ఎందుకో కనిపెట్టాల్సిన పని, కట్టెలు కొట్టే పని మనిషిలో ఒకే చోటును తాకవు. పల్లె పెంపకం అనగానే నాగలి, గొడ్డలి గుర్తొస్తాయి గానీ, ఎదుటివాళ్ల అవసరం ముఖం చూసి తెలుసుకునే నేర్పు చంకన బిడ్డ నుంచే వచ్చింది.

ఓర్పు విషయంలో కామెరూన్‌లోని న్సో రైతు కుటుంబాల నాలుగేళ్ల పిల్లలను, జర్మనీ మధ్యతరగతి పిల్లలను పోల్చిన పరీక్ష ఒకటుంది. ఎదురుగా ఇష్టమైన తినుబండారం పెట్టి, తాము బయటికెళ్లి తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే ఇంకొకటి ఇస్తామని పరిశోధకులు చెప్పారు. న్సో పిల్లల్లో దాదాపు 70 శాతం మంది ఆగారు. జర్మనీ పిల్లల్లో 30 శాతం కూడా ఆగలేదు. జర్మనీ పిల్లలు పాటలు పాడుకుంటూ, అటూ ఇటూ మెసులుతూ తంటాలు పడ్డారు. న్సో పిల్లలు మాట్లాడకుండా కూర్చున్నారు, కొందరైతే నిద్రపోయారు కూడా. ఆ ఓర్పు వెనక పసితనం నుంచే ఏడుపును, అలకను అదుపులో పెట్టుకోవాలని నేర్పే తల్లుల పెంపకం ఉందని పరిశోధకులే చెప్పారు. మెచ్చుకుంటూనే ఇది గుర్తుపెట్టుకోవాలి. కావలసింది అడగకుండా ఉండటం నేర్చుకున్న పిల్ల, పెద్దయ్యాక అడగాల్సిన చోట కూడా అడగకపోవచ్చు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1980ల వ్యవసాయ సంక్షోభం తర్వాత గ్లెన్ ఎల్డర్, రాండ్ కాంగర్ 451 కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించారు. అప్పులు, ఆదాయం పడిపోవడం చుట్టూ ఉన్నా, భూమితో సంబంధం నిలిచిన కుటుంబాల పిల్లలు చదువులోనూ, పదిమందితో కలిసే పనుల్లోనూ ముందున్నారు. తల్లిదండ్రులతో కలిసి ఒకే పనిలో ఉండటం, తాతలు, నాయనమ్మలు దగ్గర్లో ఉండటం, బడి, ప్రార్థనాలయం వంటి చోట్ల పెద్దలు చురుగ్గా ఉండటం ఇందుకు కారణాలుగా కనిపించాయి. కష్టం అందరిదీ అయినప్పుడు, దాన్ని తీర్చడంలో తన చేతికీ కొంత వాటా ఉన్నప్పుడు పిల్ల దాన్ని వేరే రకంగా మోస్తుంది.

ఎవరి కథలు వింటున్నాం?

టెలివిజన్ కనిపెట్టినవారిలో ఒకడైన ఫైలో ఫార్న్స్‌వర్త్ కథ పల్లె పెంపకాన్ని మెచ్చుకునేవాళ్లకు చాలా ఇష్టం. 1906లో పుట్టాడు, అమెరికాలోని ఐడహోలో పొలం పనులు చేస్తూ పెరిగాడు. పద్నాలుగేళ్ల వయసులో బంగాళదుంపల పొలంలో తిన్నగా సాగిన చాళ్లు చూస్తుంటే, బొమ్మను కూడా ఇలాగే గీత తర్వాత గీతగా విడదీసి పంపవచ్చని తట్టిందట. 1927 సెప్టెంబర్ 7న ఆ ఆలోచనతోనే తొలి ఎలక్ట్రానిక్ టెలివిజన్ చిత్రం పంపాడు. మెచ్చుకునేవాళ్లు చెప్పకుండా వదిలేసే భాగం ఏమిటంటే, ఆ ఇంట్లో విద్యుత్తు ఇచ్చే జనరేటర్ ఉంది, అటక మీద సైన్సు పత్రికలు దొరికాయి, బడిలో జస్టిన్ టోల్మన్ అనే కెమిస్ట్రీ మాస్టారు ఉన్నారు. పిల్లాడు గీసి చూపించిన పటం ఆ మాస్టారికి గుర్తుండటం వల్లే తర్వాత పేటెంటు గొడవలో అతనికి బలం చేకూరింది. చాళ్లు కోట్ల మంది చూశారు. ఆ చాళ్లతో పాటు పత్రికలూ మాస్టారూ దొరికింది కొందరికే.

ఐజాక్ న్యూటన్‌ది ఇంకో రకం. అతనూ పొలం ఉన్న ఇంట్లోనే పుట్టాడు. చిన్నప్పుడు గాలిమరల నమూనాలు, నీడ గడియారాలు చేసేవాడు. బడి మాన్పించి తల్లి సేద్యం అప్పగిస్తే, గొర్రెలు ఎటుపోతున్నాయో చూసుకోకుండా కూర్చునేవాడు. 1659లో పశువులు పక్కవాళ్ల చేలలో పడ్డందుకు జరిమానా కూడా పడింది. చివరికి మేనమామ, మాస్టారు చెప్పి మళ్లీ చదువుకు పంపారు. అదే మట్టి, అదే పని అందరు పిల్లలనూ ఒకేలా చేయవు. ఆ మాస్టారు అడ్డుపడకపోతే మనకు ఒక అసమర్థ రైతు మిగిలేవాడు.

పల్లె నన్ను గట్టివాణ్ని చేసిందని చెప్పేవాళ్లందరూ అక్కడినుంచి ఎక్కడికో చేరినవాళ్లు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ అదే పల్లెలో అదే పని చేసి, నడుం పడిపోయి, బడి మధ్యలో ఆగిపోయినవాళ్లు తమ పెంపకం గురించి వ్యాసాలు రాయరు, వేదికలెక్కరు. అందుకే ఈ లెక్కలో వాళ్లనూ చేర్చాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో 13.8 కోట్ల మంది పిల్లలు బాలకార్మికులు. అందులో 5.4 కోట్ల మందివి ప్రమాదకరమైన పనులు. మొత్తం బాలకార్మికుల్లో 61 శాతం మంది వ్యవసాయంలోనే ఉన్నారు. పురుగుమందులు, పదునైన పనిముట్లు, ఎండ, మోయలేని బరువులు: పల్లె పనే ఇది కూడా. ఆడపిల్లల మీద ఇంకా ఎక్కువ. 5 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు అదే వయసు మగపిల్లలకంటే 40 శాతం ఎక్కువ సమయం ఇంటి చాకిరీకి పెడుతున్నారని యునిసెఫ్ 2016లో లెక్క చెప్పింది.

గీత ఎక్కడ గీయాలో, పనికి కనీస వయసు గురించిన 1973 నాటి అంతర్జాతీయ ఒప్పందం చాలావరకు చెప్పేసింది. సాధారణంగా 13 ఏళ్లు దాటిన పిల్లలకు, ఆరోగ్యానికీ చదువుకీ నష్టం లేని తేలికపాటి పనిని అది అనుమతిస్తుంది. బడి పోగొట్టే పని ఎంత ఒడుపు నేర్పినా నష్టమే. ఎందుకంటే చేతి నేర్పు దానంతటదే పుస్తకంలోకి ఎక్కదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసిన పరిశోధన 2025లో వచ్చింది. కిలో ధర చెప్పి 800 గ్రాములు ఇమ్మంటే ఆ పిల్లలు మనసులోనే లెక్క కట్టి చిల్లర ఇచ్చేస్తారు. అలాంటి లెక్కే కాగితం మీద బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలకు సరిగ్గా దీనికి వ్యతిరేకం. రెండు తెలివితేటల మధ్య వంతెన ఎవరో ఒకరు వేయాలి. ఫార్న్స్‌వర్త్‌కు ఆ కెమిస్ట్రీ మాస్టారు వేశాడు.

ఊరు దాటాక

పల్లె వదిలి వచ్చిన పెద్దవాళ్లలో కనిపించే కొన్ని గుణాలకు ఇప్పుడు మూలం వెతకొచ్చు. వస్తువు పాడైతే పారేయకుండా విప్పి చూడటం, పని పూర్తయ్యేదాకా గడియారం చూడకపోవడం, వాన పడితే ఎవరినీ తిట్టకుండా పనుల వరస మార్చుకోవడం చేతి పని నేర్పినవే. వాటి పక్కనే కొన్ని ఇబ్బందులూ ఉంటాయి. ఖాళీగా కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండటం, నొప్పిని తట్టుకోవడమే మందు అనుకోవడం, మనసు బాగోలేదని చెప్పడానికి మాటలు రాకపోవడం. డెన్మార్క్‌లో 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, పచ్చదనం మధ్య పెరిగిన పిల్లలకు పెద్దయ్యాక మానసిక జబ్బుల ముప్పు తక్కువని తేలింది. పచ్చదనం అతి తక్కువగా ఉన్న చోట పెరిగినవాళ్లకు ఆ ముప్పు 55 శాతం దాకా ఎక్కువ. అయినా అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఆత్మహత్యల రేటు పల్లె ప్రాంతాల్లోనే ఎక్కువ. వైద్యం దూరం, ఆయుధాలో పురుగుమందో చేతికి దగ్గర, అందరికీ అందరూ తెలిసిన చోట బాధ బయటపెట్టుకోవాలంటే సంకోచం. కష్టంలో ఆదుకునే చూపే కాపలా కూడా కాస్తుంది. పల్లెలో ఇమడలేని పిల్లకు ఆ చూపు ఊపిరాడనివ్వదు.

పట్నంలో పిల్లలను పెంచుతున్నవాళ్లకు వీటిలో ఏవి అందుతాయి? కొన్ని సులభంగానే అందుతాయి. ఫిన్లాండ్‌లో కొన్ని డేకేర్ కేంద్రాల ఆవరణలో అడవి నేలను, పచ్చిక చెక్కలను తెచ్చి పరిచారు. పిల్లలు 28 రోజులు వాటిలో ఆడాక, చర్మం మీది సూక్ష్మజీవుల్లోనూ, రక్తంలో రోగనిరోధక వ్యవస్థను అదుపుచేసే సంకేతాల్లోనూ మంచి మార్పులు కనిపించాయి. 2020లో వచ్చిన ఈ అధ్యయనం 75 మంది పిల్లలతో చేసిన చిన్నదే, ఆస్తమా తగ్గుతుందని ఇంకా రుజువు కాలేదు. పగటి వెలుగు ఏ ఊళ్లోనైనా ఉచితమే. దారి వెతుక్కోవడానికి ఫోన్ పక్కన పెట్టి పిల్లనే ముందు నడవనిస్తే చాలు.

పని దగ్గరే అసలు చిక్కు. పిల్లకు ఇచ్చేది ఉత్తుత్తి పని అయితే అది వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. తను చేయకపోతే ఇంట్లో నిజంగా ఏదో ఆగిపోవాలి. రెండుసార్లు ఆగిపోయినా పెద్దవాళ్లు చప్పున అందుకుని చేసేయకూడదు. మొక్కల నీళ్లు, కుక్క తిండి, వారంలో ఒక పూట వంట, తమ్ముణ్ని బడి నుంచి తీసుకురావడం ఇలాంటివి. ఇది చాలా ఇళ్లలో సాధ్యమే. దొరకనిది, పక్కన అదే పని చేస్తూ కనిపించే పెద్ద మనిషి. పొలంలో తండ్రి పని పిల్లకు మొత్తం కనబడేది: ఎక్కడ మొదలైంది, ఎక్కడ చెడింది, చెడ్డాక ఆయన ముఖం ఎలా ఉంది, మళ్లీ ఎలా మొదలుపెట్టాడు. ఇప్పుడు అమ్మానాన్నల పని తెర మీద జరుగుతుంది, పిల్లకు కనిపించేది వాళ్ల వీపు మాత్రమే. అందుకే కారిపోతున్న కుళాయిని ప్లంబర్ వచ్చేలోపు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని విప్పి చూసే తల్లిదండ్రులంటే నాకు గౌరవం. బిగించేటప్పుడు వాషర్ తిరగేసి పెట్టి, నీళ్లు చిమ్మి, ఇద్దరూ తడిసినా సరే.